బండి ఉన్న ఇల్లు పేదది కాదా?

“ఇప్పుడు ఎస్సీ కాలనీలో కూడా ఇంటికో బండి ఉంది. ఇంకా వెనుకబాటుతనం ఎక్కడుంది?” రిజర్వేషన్ల మీద చర్చ మొదలైన ప్రతిచోటా, తరగతి గది మొదలుకొని టీ కొట్టు దాకా, ఈ ప్రశ్న నాకు ఎదురవుతూనే ఉంది. అడిగేవారిలో కొందరు నిజాయితీగానే అడుగుతారు. కంటికి కనిపిస్తున్న మార్పును వారు చూస్తున్నారు. మట్టిగోడల ఇంటి ముందు మెరిసే మోటారు సైకిలు నిలబడి ఉంటే, ఆ ఇంటి పేదరికం గతించిందని అనుకోవడం సహజం. అయితే బండి కనిపించినంత తేలిగ్గా దాని వెనుక ఉన్న అప్పు కనిపించదు. బండి ఎందుకు కొన్నారో, ఏ డబ్బుతో కొన్నారో, ఆ కొనుగోలు కోసం ఏ ఖర్చు మానుకున్నారో వాకిట్లో నిలబడి చూస్తే తెలియదు.

ఈ వాదనకు ఆధారంగా చూపే అంకెలు మాత్రం నిజమైనవే. 2001 జనగణన నాటికి దేశంలో స్కూటరు, మోటారు సైకిలు, మోపెడ్‌లలో ఏదో ఒకటి ఉన్న కుటుంబాలు 11.7 శాతం. 2011 నాటికి అవి 21 శాతమయ్యాయి. పల్లెల వరకే చూస్తే ఆ పదేళ్ళలో 6.7 శాతం నుంచి 14.3 శాతానికి పెరిగాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వచ్చేసరికి దేశంలో దాదాపు సగం ఇళ్ళకు ద్విచక్ర వాహనం చేరింది. కారు కథ వేరు. 2001లో 2.5 శాతం, 2011లో 4.7 శాతం కుటుంబాలకే కారు ఉండేది. 2019-21 సర్వేలోనూ అది వందకు ఎనిమిది ఇళ్ళను దాటలేదు. అంటే మనం వాహన విప్లవం అంటున్నది ప్రధానంగా రెండు చక్రాల విప్లవం. నాలుగు చక్రాలు ఇప్పటికీ కొద్దిమందివే.

కుటుంబ వినియోగ వ్యయ సర్వేలు ఈ మార్పును మరో వైపు నుంచి చూపిస్తాయి. 2011-12లో గ్రామీణ కుటుంబం చేసే ప్రతి వంద రూపాయల ఖర్చులో ఆహారానికి 52.90 రూపాయలు పోయేవి. 2022-23 నాటికి అది 46.38కి తగ్గింది. అదే కాలంలో రవాణా ఖర్చు 4.20 నుంచి 7.55కి పెరిగింది. ఉచిత రేషను విలువ కలపకుండా చూస్తే, బియ్యం, ఇతర ధాన్యాల మీద పల్లె కుటుంబం పెడుతున్నది వందకు ఐదు రూపాయల లోపే. తిండిగింజల కన్నా తిరుగుడుకే ఎక్కువ ఖర్చవుతున్న కాలంలోకి గ్రామీణ భారతం వచ్చింది. పైగా ఈ 7.55 రూపాయలు పెట్రోలు, ఛార్జీల వంటి రోజువారీ రవాణా ఖర్చులే. బండి కొన్న ధర మన్నికైన వస్తువుల పద్దులో వేరుగా నమోదవుతుంది.

ఇదే సర్వే సామాజిక వర్గాల వారీగా కూడా లెక్క ఇచ్చింది. 2022-23లో గ్రామీణ ప్రాంతంలో ఒక మనిషి మీద నెలకు అయ్యే సగటు ఖర్చు ఎస్టీల్లో 3,016 రూపాయలు, ఎస్సీల్లో 3,474, ఓబీసీల్లో 3,848, ఇతరుల్లో 4,392. బండి ధర అందరికీ ఒక్కటే. పెట్రోలు ధర కూడా ఒక్కటే. కొనేవారి చేతిలోని డబ్బు మాత్రం కులాన్ని బట్టి మెట్లుమెట్లుగా ఉంది. ఈ మెట్లను పక్కనపెట్టి వాహనాల సంఖ్యను మాత్రమే చూపడం సగం నిజం చెప్పడమే. భూమి ఉన్న కులాలకు వాహనం ఉన్న సంపదకు కొనసాగింపు. భూమి లేని కులాలకు అది పనికి చేరుకోవడానికి కట్టే రుసుము. ఈ తేడాను గుర్తించకపోతే మన లెక్కలూ తప్పుతాయి, వాటి మీద ఆధారపడిన విధానాలూ తప్పుతాయి.

పల్లకి నుంచి మోపెడ్ దాకా

నంద్యాల నుంచి ఆత్మకూరు వెళ్ళే దారిలో, నల్లమల అంచున వెలుగోడు ఉంది. 1830లో మద్రాసు నుంచి కాశీయాత్రకు బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య అహోబిలం, మహానంది క్షేత్రాలు చూసుకుని ఆత్మకూరు మీదుగా శ్రీశైలం వెళ్ళింది ఈ ప్రాంతం నుంచే. ఆయన ప్రయాణం పల్లకిలో సాగింది. పల్లకిని బోయీలు మోశారు. తెలుగు యాత్రాసాహిత్యానికి ఆ గ్రంథం గర్వకారణం. అయితే మన సమాజంలో ‘వాహనం’ అన్న మాటకు తొలి అర్థం ఏమిటో కూడా అది గుర్తు చేస్తుంది. ఒకరు కూర్చునేవారు, ఇంకొకరు మోసేవారు. ఎవరు ఎక్కాలో, ఎవరు భుజం పట్టాలో పుట్టుకతోనే నిర్ణయమైపోయేది. దారి అందరిదీ అయినా వాహనం అందరిదీ కాదు.

యంత్రం రాకముందు మాత్రమే ఇలా ఉండేదని అనుకోనక్కర లేదు. 1901లో సతారా నుంచి తండ్రి పనిచేస్తున్న కోరేగావ్‌కు బయలుదేరిన బాలుడు భీమ్‌రావు, అతని తోటి పిల్లలు మసూర్ స్టేషనులో రైలు దిగారు. వాళ్ళు మహర్లని తెలిసిన తరువాత ఏ బండివాడూ ఎక్కించుకోలేదు. చివరకు రెట్టింపు బాడుగ ఇస్తే ఒకడు ఒప్పుకున్నాడు. పిల్లలే బండి తోలుకోవాలి, తాను పక్కన నడుస్తాడు! 1929 నాటికి ఆ బాలుడు విదేశాల్లో డాక్టరేట్లు సాధించిన న్యాయవాది, బొంబాయి శాసనమండలి సభ్యుడు. చాలీస్‌గావ్‌లో టాంగావాలాలు ఆయనను కూర్చోబెట్టుకుని బండి నడపడానికి నిరాకరించారు. టాంగా తోలడం రాని మహర్ యువకుడొకడు పగ్గాలు పట్టాడు. దారిలో టాంగా బోల్తాపడి అంబేడ్కర్ కాలు విరిగింది. డబ్బు ఉండటం, చదువు ఉండటం, చక్రం మీద కూర్చునే హక్కు ఉండటం ఒకదానికొకటి హామీ కావని ఆయన జీవితంలోని ఈ రెండు ప్రయాణాలు చెబుతాయి. బండివాడు బాడుగ వద్దనలేదని కూడా గమనించాలి. రెట్టింపు తీసుకున్నాడు. అంటరానితనం అదనపు ఛార్జీ రూపం తీసుకోవడం అప్పటికే మొదలైంది.

ఇది పాత సంగతి అనేవారు మన చట్టం చదవాలి. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో పార్లమెంటు చేసిన సవరణలు 2016 జనవరి 26 నుంచి అమలులోకి వచ్చాయి. వాటి ప్రకారం ఎస్సీ, ఎస్టీలు బహిరంగ ప్రదేశంలో సైకిలు లేదా మోటారు సైకిలు ఎక్కకుండా, చెప్పులు, కొత్త బట్టలు వేసుకోకుండా, పెళ్ళి ఊరేగింపు తీయకుండా, ఆ ఊరేగింపులో గుర్రమో మరో వాహనమో ఎక్కకుండా అడ్డుకోవడం శిక్షార్హమైన నేరం. ఇరవై ఒకటో శతాబ్దపు రెండో దశకంలో ఒక దేశం తన పౌరుడు సైకిలు ఎక్కే హక్కును శిక్షాస్మృతితో కాపాడవలసి వచ్చిందంటే, అలా అడ్డుకోవడం ఇంకా జరుగుతున్నదని పార్లమెంటు ఒప్పుకున్నట్టే.

నంద్యాల ప్రాంతంలోని ఒక పల్లెలో డెబ్బై ఏళ్ళు దాటిన ఒక పెద్దాయన తన తొలి సైకిలు గురించి నాతో అన్న మాట ఇది: “సైకిలు కొంటి గానీ సార్, ఊర్లో ఎక్కింది లేదు. ఊరు దాటినాక ఎక్కేది, ఊరు వచ్చేతలికి దిగేది.” ఆయన దాన్ని ఫిర్యాదుగా చెప్పలేదు, నవ్వుతూ చెప్పాడు. సగం దారి తొక్కి సగం దారి నడిపించుకుపోయిన సైకిలును ఏ సర్వే అయినా ‘సైకిలు ఉన్న కుటుంబం’ అనే గడిలోనే వేస్తుంది.

1980లో టీవీఎస్ 50, 1985లో హీరో హోండా సీడీ 100 మార్కెట్లోకి వచ్చాక ఈ పరిస్థితిలో కదలిక వచ్చింది. అంతకుముందు స్కూటరు కావాలంటే ఏళ్ళ తరబడి వరుసలో వేచి ఉండవలసిన లైసెన్సుల కాలం. ఉద్యోగికి, వ్యాపారికి, పట్నంతో సంబంధమున్న ఆసామికి మాత్రమే అది అందేది. గేరు లేని తేలికపాటి మోపెడ్ ఆ వరుసను చెదరగొట్టింది. పాల క్యాన్లు, గడ్డి మోపులు, ఎరువుల బస్తాలు, ప్లాస్టిక్ బిందెలు, చీరల మూటలు అన్నీ దాని మీదికెక్కాయి. తలమీద గంప పెట్టుకుని ఊరూరా తిరిగిన కులాల వారికి అది రెండో వెన్నెముక అయింది. ఊరి రోడ్డు మీద దిగకుండా వెళ్ళే వేగాన్ని కూడా అదే ఇచ్చింది. మోటారు చప్పుడుతో దాటిపోయేవాణ్ణి ఆపి దిగమనడం, సైకిలు తొక్కేవాణ్ణి దిగమన్నంత సులువు కాదు. ఈ గౌరవ మూల్యాన్ని అర్థశాస్త్రం ‘మన్నికైన వస్తువు’ అన్న పద్దులో చూడలేకపోయింది.

వెలుగోడులో బండి ఎందుకు కొంటారు?

వెలుగోడు పేరు చెప్పగానే గుర్తొచ్చేది జలాశయం. తెలుగుగంగ పథకంలో భాగంగా నిర్మించిన ఈ జలాశయం సామర్థ్యం 16.95 టీఎంసీలు. శ్రీశైలం నీరు బానకచర్ల దాటి ఇక్కడ నిలిచి, ఇక్కడి నుంచి బ్రహ్మంసాగర్ వైపు, ఆపై సోమశిల, కండలేరు మీదుగా చెన్నై దాహం తీర్చడానికి సాగిపోతుంది. ఇంత నీరు కళ్ళముందున్న ఊరిలో కూలి కోసం పొరుగూరికి పోయే మనుషులెందుకున్నారన్నది అసలు ప్రశ్న. సమాధానం కష్టమేమీ కాదు. నీరు భూమి ఉన్నవాడి చేను దాకానే వస్తుంది. కాలువ వచ్చినప్పుడు భూమి ఉన్న ఇంటికి రెండో పంట వచ్చింది, ఆ పంట మీద ట్రాక్టరు వచ్చింది, కొన్నేళ్ళకు కారు వచ్చింది. భూమి లేని ఇంటికి మొదట కూలి దినాలు పెరిగాయి. తరువాత ట్రాక్టరు, వరికోత యంత్రం వచ్చి ఆ దినాలను తగ్గించాయి. ఒక ఇంటికి చేరిన వాహనం మరో ఇంటి పనిని మింగేసింది. పని పోయిన ఇల్లు పని వెతుక్కోవడానికి తానూ ఒక వాహనం కొనవలసి వచ్చింది.

వెలుగోడులో నేను మాట్లాడిన ఒక భవన నిర్మాణ కూలీ ఈ క్రమాన్ని నాకన్నా స్పష్టంగా చెప్పాడు. “మాకు మడి లేదు, మాన్యం లేదు సార్. పొద్దున ఆరుకల్లా నంద్యాల అడ్డాలో నిలబడకుంటే ఆ దినం కూలి పోయినట్లే. బస్సు వచ్చేతలికి మేస్త్రీలు మనుషుల్ని ఏరుకోని పోయింటారు. బండి తిరగనీకి కాదు, ఆ అడ్డా కాడికి పోనీకి.” అతని మాటల్లో బండి సౌకర్యంగా ఎక్కడా రాలేదు. పలుగు, పార, తాపీ వలె అదీ ఒక పనిముట్టు. పనిముట్టు కొనుక్కునే భారం కూలీ మీదే పడింది. పని ఇచ్చేవాడు పనిచోటికి చేర్చే ఖర్చు భరించడు. ఆర్టీసీ బస్సు ఆ వేళకు రాదు. ఈ రెండు ఖాళీలను కూలీ తన కిస్తీలతో పూడుస్తున్నాడు.

దీనికి మరో కోణం ఉంది. మన పల్లెల్లో వాడల అమరిక యాదృచ్ఛికం కాదు. బస్సు ఆగే కూడలి, బడి, బ్యాంకు, రైతు సేవా కేంద్రం, ఆసుపత్రి సాధారణంగా ఊరి నడుమ ఉంటాయి. మాల, మాదిగ పేటలు, సంచార కులాల గుడిసెలు ఊరి కొసన ఉంటాయి. ఇక నల్లమల లోపలి చెంచు గూడేల సంగతి చెప్పనే అక్కరలేదు. కులం మనుషుల మధ్య పెట్టిన దూరం నేల మీద మీటర్లుగా, కిలోమీటర్లుగా పరుచుకుంది. ఆ దూరాన్ని దాటడానికి అయ్యే ఖర్చును మాత్రం ఆ దూరానికి నెట్టబడినవారే కడుతున్నారు. రాత్రివేళ పురిటినొప్పులు వచ్చినప్పుడు, పరీక్ష రోజున బస్సు తప్పినప్పుడు కొసన ఉన్న ఇంటికి బండి ఎంత అవసరమో ఊరి నడుమ ఉన్న ఇంటికి అంత అవసరం కాదు. అయినా ఆ రెండు బండ్లూ సర్వేలో సమానమే.

ఊరిలో పనిచేసి ఊరిలోనే బతకవలసినప్పుడు ఆసామి చెప్పిన కూలికే ఒప్పుకోవాలి. పొరుగూరి పనికి పోగలిగినవాడికి ‘రాను’ అనే మాట నోట వస్తుంది. దళిత యువకుడు బండి కొన్నప్పుడు ఊరిలో కొందరికి కలిగే చిరాకుకు అసలు మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. అతని షోకు మీద వ్యాఖ్యలు పైకి వినిపిస్తాయి. లోపల ఉన్నది చేతికింద కూలీ చేజారిపోయాడన్న బాధ. ఈ స్వేచ్ఛ విలువైనది. దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అది ఎంత ధరకు దొరుకుతున్నదో కూడా చూడాలంటున్నాను.

కిస్తీ లెక్క

ఒక లెక్క వేసి చూద్దాం. ఒక కూలీ బండి కోసం 80,000 రూపాయల అప్పు తీసుకున్నాడనుకుందాం. ఫైనాన్సు ఏజెంటు “వడ్డీ పన్నెండు శాతమే” అంటాడు. ఇది ఫ్లాట్ వడ్డీ. అంటే అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొదటి మొత్తం మీదే పడుతుంది. మూడేళ్ళకు వడ్డీ 28,800. మొత్తం 1,08,800 రూపాయలను 36 నెలలకు పంచితే కిస్తీ నెలకు సుమారు 3,022. తగ్గుతున్న అసలు మీద లెక్కగడితే నిజమైన వడ్డీ ఏడాదికి సుమారు 21 శాతం. ప్రాసెసింగ్ ఖర్చులు, బీమా, కిస్తీ ఆలస్యమైతే పడే జరిమానా దీనికి అదనం.

ఈ కిస్తీని వినియోగ సర్వే సగటు పక్కన పెడదాం. జాతీయ సగటు ప్రకారం నలుగురున్న గ్రామీణ ఎస్సీ కుటుంబం నెల ఖర్చు 13,896 రూపాయలు. దానిలో 3,022 అంటే ఐదో వంతు కన్నా ఎక్కువ. అదే నలుగురున్న ‘ఇతరుల’ కుటుంబం ఖర్చు 17,568. కిస్తీ ఆరో వంతుకు దగ్గర. పైగా రెండో కుటుంబానికి బంగారం, భూమి, ఉద్యోగం ఉన్న బంధువు వంటి ఆసరాలు ఉండే అవకాశం ఎక్కువ. మొదటి కుటుంబానికి కూలి తప్పిన నెలలో మిగిలేది చేబదులో, మరో అప్పో.

భూమి ఉన్నవాడు పట్టాదారు పుస్తకం పెట్టి బ్యాంకులో ట్రాక్టరు రుణం తీసుకుంటాడు. కిస్తీలు పంట చేతికొచ్చే కాలానికి సర్దుబాటవుతాయి. భూమి లేనివాడికి బండే తాకట్టు. నెల తప్పితే చాలు, ఫైనాన్సు మనిషి వాకిట్లో నిలబడతాడు, తాళం చెవి అడుగుతాడు. బండి పోతే అడ్డా పోతుంది, అడ్డా పోతే కూలి పోతుంది, కట్టిన కిస్తీలు కూడా నీళ్ళలో పోసినట్టే. 2019 నాటి జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో వ్యవసాయ కుటుంబాల సగటు అప్పు 74,121 రూపాయలు కాగా, ఆంధ్రప్రదేశ్‌లో అది 2,45,554, ఇక్కడ 93.2 శాతం వ్యవసాయ కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయి. సేద్యం చేసేవారి స్థితే ఇలా ఉన్న రాష్ట్రంలో సేద్యం కూడా లేని కుటుంబం బండి కొన్నదంటే, అది మిగులుతో జరిగిన కొనుగోలు అనుకోవడానికి వీలు లేదు.

2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు ద్విచక్ర వాహనాల మీద జీఎస్టీని 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గించారు. మంచిదే. కానీ మొత్తం డబ్బు చెల్లించి కొనేవాడికి అందినంత ఊరట, ఫ్లాట్ వడ్డీకి కొనేవాడికి అందదు. పన్ను తగ్గించినంత సులభంగా ప్రభుత్వం తగ్గించగలిగినది, ఇంకా తగ్గించనిది, ఈ వడ్డీ భారమే.

ప్రభుత్వం కంటికి కనిపించే చక్రం

బండిని ధనవంతుల గుర్తుగా చూసే అలవాటు టీ కొట్టు దగ్గర ఆగిపోతే పెద్ద నష్టం లేదు. అది ప్రభుత్వ నిబంధనగా మారింది. 2011 సామాజిక, ఆర్థిక, కుల గణనలో గ్రామీణ కుటుంబాలను పేదరికపు లెక్క నుంచి తొలి విడతలోనే తప్పించడానికి 14 ప్రమాణాలు పెట్టారు. మోటారుతో నడిచే రెండు, మూడు, నాలుగు చక్రాల వాహనం ఉండటం వాటిలో ఒకటి. చేతులు మారిన పాత మోపెడ్ కొనుక్కున్న చీరల వ్యాపారి, కొత్త కారు కొన్న కాంట్రాక్టరు ఆ ఒక్క గీత దగ్గర ఒకే వైపు నిలబడ్డారు. ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ యోజన కూడా ఇదే ప్రమాణాన్ని తీసుకుంది. పూరింట్లో ఉంటూ పని కోసం బండి కొన్న కుటుంబం, ఆ బండి కారణంగానే పక్కా ఇంటికి అనర్హమైంది. 2024లో కేంద్రం ఈ పథకం అనర్హతల జాబితా నుంచి ద్విచక్ర వాహనాన్ని తొలగించింది. ఆలస్యంగానైనా ఇది సరైన దిద్దుబాటు. అయితే మధ్యలో గడిచిన ఏళ్ళలో ఇల్లు రాకుండా పోయినవారి లెక్క ఎవరు చెబుతారు?

మన రాష్ట్రంలో సంక్షేమ పథకాల అర్హతకు పెట్టిన నిబంధనల్లో నాలుగు చక్రాల వాహనం ఉండకూడదన్నది ఒకటి. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరులకు మినహాయింపు ఇచ్చారు. ఈ మినహాయింపు అవసరమైనదే, కానీ సగమే. పాత కారు ఒకటి కొని, ఆసుపత్రులకు, పెళ్ళిళ్ళకు బాడుగకు తిప్పుకునే యువకుడు ట్యాక్సీ పర్మిటు ఖర్చు భరించలేక సొంత వాహనంగానే నమోదు చేసుకుంటాడు. అతని తల్లి పింఛను ప్రశ్నార్థకమవుతుంది. ఆ పాత కారుకు ఎన్నో రెట్ల విలువ చేసే ట్రాక్టరుకు మాత్రం మినహాయింపు ఉంది. భూమి పరిమితి వేరుగా ఉందనే సమాధానం వస్తుంది. ఆ భూమి కుటుంబంలో నలుగురి పేర్ల మీద విడిపోయి ఉండటం, కారు మాత్రం ఒకే పేరు మీద ఆన్‌లైన్‌లో దొరికిపోవడం అందరికీ తెలిసిందే. ఆస్తిని దాచుకునే వీలు పాత ఆస్తిపరులకే ఉంటుంది. కొత్తగా కొన్నవాడి ఆస్తి నంబరు ప్లేటుతో సహా బయట ఉంటుంది.

షెడ్యూల్డు కులాల సహకార ఆర్థిక సంస్థ ద్వారా రాయితీతో కార్లు, ఆటోలు, ట్రాక్టర్లు ఇచ్చిన సందర్భాలున్నాయి. కాగితం మీద యజమాని దళితుడు, స్టీరింగు వెనుక కూలీ కూడా అతడే, ఆదాయం మాత్రం మరొకరిదన్న బినామీ ఫిర్యాదులు కొత్తవి కావు. వాహనం ఇచ్చి చేతులు దులుపుకుంటే ఇలాగే జరుగుతుంది. దానికి బాడుగ తెచ్చే మార్కెట్టు, మరమ్మతుకు నిలవ డబ్బు, కిస్తీ తప్పిన నెలలో ఆదుకునే ఏర్పాటు లేనప్పుడు ఆ వాహనం మళ్ళీ పెట్టుబడి ఉన్నవాడి చేతికే చేరుతుంది.

ఇంట్లో బండి ఎవరిది?

‘కుటుంబానికి వాహనం’ అన్న మాటలో మరో మసక ఉంది. ఇంటి బండి చాలాసార్లు ఇంటి మగవాడి బండి. మిరప కోతకు, పత్తి తీతకు పోయే ఆడవాళ్ళు ఇప్పటికీ కిక్కిరిసిన ఆటోలోనే పోతారు. అలా వెళ్ళే ఒకామెను “అంతమంది ఎక్కితే భయం వేయదా అమ్మా?” అని అడిగాను. “భయపడితే బువ్వ యాడిది సార్?” అంది. బండి కిస్తీ కట్టడానికి ఆమె కూలి కూడా పోతుంది. బండి మీద ఆమె హక్కు వెనుక సీటు వరకే. 1991లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం వేలాది గ్రామీణ మహిళలకు, వారిలో ఎందరో వ్యవసాయ కూలీలకు, సైకిలు నేర్పింది. చదువుతో పాటు చక్రాన్ని కూడా అందించాలన్న ఆలోచన మన సాక్షరతా ఉద్యమాల్లో అంత బలంగా రాలేదు.

2025 ఆగస్టు 15న రాష్ట్రంలో మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం మొదలైంది. దళిత, బహుజన మహిళల ప్రయాణ ఖర్చును ఇంత నేరుగా తగ్గించిన పథకం మరొకటి లేదు. దాని దెబ్బ తగిలినది ఆటో డ్రైవర్లకు. వారిలో అధికులు దళిత, వెనుకబడిన, ముస్లిం కుటుంబాల నుంచి వచ్చినవారే. 2025 అక్టోబరు 4న ప్రభుత్వం ఆటో, క్యాబ్ డ్రైవర్లకు ఏడాదికి 15,000 రూపాయల సాయం ప్రారంభించింది. మన లెక్కలోని కిస్తీతో చూస్తే అది ఐదు నెలల కిస్తీకి సరిపోదు. ఒకే ఇంట్లో భార్యకు బస్సు ఉచితమై, భర్త ఆటోకు బేరం తగ్గితే ఆ ఇంటికి మిగిలిందెంత? బస్సును ఆపమనడం దీనికి పరిష్కారం కాదు. బస్సు వెళ్ళని కొసలకు ఆటోలను అనుసంధానం చేసి, ఆ సేవకు ప్రభుత్వమే చెల్లించడం ఒక దారి.

ఏం లెక్కించాలి?

2027 జనగణనలో కులాన్ని నమోదు చేయాలని కేంద్ర మంత్రివర్గం 2025 ఏప్రిల్ 30న నిర్ణయించింది. సైకిలు, ద్విచక్ర వాహనం, కారు ఉన్నాయా అన్న ప్రశ్నలు గత జనగణనల్లో ఇళ్ళ జాబితా దశలో వచ్చాయి. 2011లో ఆ దశలో ఇంటి పెద్ద ఎస్సీయా, ఎస్టీయా, ఇతరులా అన్నంతవరకే తెలిసేది. ఆ ‘ఇతరులు’ అనే ఒకే గడిలో చాకలి, మంగలి, బోయ, దూదేకుల కుటుంబాలూ, వందల ఎకరాల చరిత్ర ఉన్న కుటుంబాలూ కలిసిపోయాయి. కుల గణన ఒక పట్టికలోనూ, ఇంటి ఆస్తుల వివరాలు మరో పట్టికలోనూ ఉండిపోతే మనకు తలల సంఖ్య తెలుస్తుంది, బతుకుల తేడా తెలియదు. రెండింటినీ కలిపి ప్రచురించాలన్న డిమాండు ఇప్పుడే బలంగా వినిపించాలి.

వినియోగ వ్యయ సర్వేలు కూడా మరో అడుగు వేయాలి. బండి ఉందా లేదా అన్న ప్రశ్న చాలదు. కొత్తదా, పాతదా? చేతి డబ్బుతోనా, అప్పుతోనా? వడ్డీ ఎంత? పనికి పోవడానికా, సంపాదనకా, విహారానికా? ఎవరు నడుపుతారు? ఈ ప్రశ్నలకు కులాల వారీగా సమాధానాలు వచ్చిన రోజున “ఇంటికో బండి ఉంది కదా” అన్న వాదన ఎంత నిలుస్తుందో తేలుతుంది. అప్పటిదాకా ఏ సంక్షేమ పథకంలోనూ ద్విచక్ర వాహనాన్ని, జీవనోపాధికి వాడే ఏ వాహనాన్నీ అనర్హతగా చూపకూడదు. అర్హతకు కొలబద్ద కావాలంటే భూమి, స్థిరాస్తి, ఉద్యోగ భద్రత ఉన్నాయి. ద్విచక్ర వాహన రుణాల మీద నిజమైన వార్షిక వడ్డీని తెలుగులో, పెద్ద అక్షరాలతో ఒప్పందపు మొదటి పేజీలో రాయడం తప్పనిసరి చేయాలి. భూమి లేని కుటుంబాలకు ఎస్సీ, బీసీ, మైనారిటీ ఆర్థిక సంస్థలు తక్కువ వడ్డీకి పని వాహన రుణాలివ్వాలి. తెల్లవారుజామున కూలీల అడ్డాలకు, సాయంత్రం వాడల కొసలకు బస్సు నడపాలి.

వీటిలో ఏదీ అసాధ్యమైన కోరిక కాదు. ఒకప్పుడు మోసే కులాల భుజాల మీద సాగిన ప్రయాణంలో ఈరోజు ఆ కులాల బిడ్డలు తమ బండి తామే నడుపుకుంటున్నారు. ఇది నిజమైన మార్పు, పోరాడి సాధించుకున్న మార్పు. ఆ మార్పు ఖర్చు మొత్తాన్ని వారి మీదే వేసి, ఆ ఖర్చునే వారి సంపదకు రుజువుగా చూపి, చివరకు వారి హక్కులకు కోత పెట్టడం న్యాయం కాదు. వాకిట్లోని బండిని లెక్కపెట్టే చేతితోనే, దాని వెనుక ఉన్న కిస్తీ పుస్తకాన్ని కూడా తెరిచి చూడాలి.